రొయ్యల నీళ్ళు ఎటు పోయాయో దొరికాకే ఫ్రిజ్ కంపు వదిలింది

ఫ్రిజ్ తలుపు తీసిన మా ఆయన రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ మూసేసి, ఒక్క మాట కూడా లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన్ని తప్పు పట్టను. తొమ్మిది రోజులు కరెంటు లేకుండా మూసి ఉన్న ఫ్రిజ్ అది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్ళు విజయవాడలో మా పాయకాపురం వీధిలోకి వచ్చేశాయి. మేం ఉండేది మేడ మీద. కింద ముందు గది నా కుట్టు షాపు, వెనక పోర్షన్‌లో అద్దెకున్న వాళ్ళు. ముందురోజు సాయంత్రం, రేపు ఆదివారం కదా అని కిలో రొయ్యలు తెచ్చి ఒలిచి, పసుపు, ఉప్పు రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. కింద అరల్లో చేపల పులుసు, ఇడ్లీ పిండి, నాలుగు పాల ప్యాకెట్లు, కొత్తిమీర కట్టలు. మంగళవారం పడవ ఎక్కి గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి ఇంటికి చేరాం. పై మంగళవారం తిరిగొచ్చేసరికి మేడ మీద రొయ్యలు, కింద షాపులో ఖాతాదారుల చీరలు. రెండు రకాల కంపు, రెండు రకాల టెన్షన్.

ముప్పై ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను కాబట్టి బట్ట సంగతి కొంత తెలుసు. ఫ్రిజ్ సంగతి మాత్రం ఆ నెలలోనే నేర్చుకున్నాను, అదీ అన్నీ తప్పులు చేశాక. వరదే రానక్కర్లేదు. పిల్లల దగ్గరికి వెళ్ళి నెల తర్వాత వచ్చేసరికి ఫ్యూజు పోయి ఉన్నా, వానాకాలంలో బీరువా తెరవకపోయినా జరిగేది ఇదే.

ముందు ఫ్రిజ్

నేను చేసిన మొదటి తప్పు చెబుతాను. ఉన్నదంతా పారేసి, సబ్బు నీళ్ళతో ఒకసారి తుడిచి, రెండు నిమ్మచెక్కలు పెట్టి, కరెంటు రాగానే స్విచ్ వేశాను. పక్కన అగరొత్తులు కూడా. గంటలో కంపు పోయింది. ఎంత తేలికో అనుకున్నాను. చల్లబడితే ఏ వాసనైనా అణుగుతుంది, అంతే. పోయినట్టు కాదు. రెండు రోజులకి మజ్జిగ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే నీచు కొట్టింది.

కాబట్టి మొదటి పని ప్లగ్గు పీకేయడం. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. శుభ్రం చేసినన్నాళ్ళూ ఫ్రిజ్ నడవకూడదు. కిటికీలు తెరవండి, ముక్కుకి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే ఆ పూటకి వేరే గదిలోనో పక్కింట్లోనో ఉండమనండి. బూజు కదిలిందంటే కంటికి కనపడని పొడి లేస్తుంది. పడనివాళ్ళకి దగ్గు పట్టుకుంటే వదలదు.

లోపలివన్నీ పారేయాలి. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్ 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు ఆగుతుంది. అది దాటాక పాలు, పెరుగు, మాంసం, చేప, గుడ్డు, వండిన కూర, పిండి ఏదీ మిగుల్చుకోవద్దు. మరిగిస్తే పోతుందిలే అనుకోకండి, కొన్ని విషాలు మరిగినా పోవు. వాసన చూసి తేల్చుకుందాం అనే పని కూడా వద్దు. నేను ఉంచుకున్నది ఒక్క ఆవకాయ సీసానే. అది మామూలుగా బయటే ఉండే సరుకు. సీసా పైన కడిగి పెట్టుకున్నాను. కుళ్ళినవి సింకులో పోయకండి, రెండు కవర్లలో కట్టి చెత్తబండికి ఇవ్వండి.

ఇక కడగడం. అరలు, కూరగాయల డబ్బా, గుడ్ల ట్రే, తలుపు సొరుగులు అన్నీ ఊడదీయండి. గాజు అరలు చల్లగా ఉంటే వేడినీళ్ళు పోయొద్దు, పగులుతాయి. నేను మూడు విడతలుగా కడిగాను. మొదట గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు, జిడ్డు పోవడానికి. జిడ్డు పోకుండా పైన ఏం రాసినా దండగే, కంపు దాక్కునేది జిడ్డులోనే. తర్వాత లీటరు గోరువెచ్చని నీటికి రెండు పెద్ద చెంచాల వంట సోడా కలిపి అన్ని గోడలూ తుడిచాను. చివర్లో 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా బ్లీచింగ్ ద్రావణం కలిపి, తుడిచి, కాసేపాగి మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడిచేశాను. ద్రావణమంటే సీసాల్లో అమ్మేది. వీధుల్లో చల్లే పొడి కాదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్‌ని వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ బాత్రూము యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గాలి పుడుతుంది, ఊపిరాడదు. అమోనియా ఉన్న అద్దాల లోషన్‌తోనూ కలపకూడదు. రెండూ మందులే కదా, కలిపితే ఇంకా బాగా పనిచేస్తాయనుకుని మా వీధిలో ఒకావిడ బకెట్లో యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోసి గంటసేపు రోడ్డు మీద కూర్చుని దగ్గింది. వెనిగర్ వాడాలనుంటే వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి తుడవండి. ఆ రోజు బ్లీచింగ్ జోలికి పోకండి.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు చాలామందికి గుర్తుకే రాదు. దాని మడతలు విప్పి చూడండి. నల్లటి చుక్కలు, పాలచుక్కలు, ఎప్పుడో పడిన కొత్తిమీర ఆకు, అన్నీ అక్కడే. పాత టూత్ బ్రష్‌కి వంట సోడా ముద్ద అద్దుకుని మడత మడతా రుద్ది, తడి లేకుండా పొడిగుడ్డతో తుడవాలి. ఈ రబ్బరుకి బ్లీచింగ్ పదేపదే పెడితే గట్టిపడి పగులుతుంది. అంతా అయ్యాక తలుపు మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. బిగుతుగా ఉంటే సరే, సులువుగా జారితే రబ్బరు వదులైనట్టు. బయటి తేమ గాలి లోపలికి పోతూనే ఉంటుంది, బూజు మళ్ళీ వస్తుంది.

ఇంత చేసినా నా ఫ్రిజ్‌లో కంపు పోలేదు. మూడు రోజులు కడిగాను. కడిగిన రోజు బాగుంటుంది, తెల్లారి మళ్ళీ అదే. చివరికి మెకానిక్ కుర్రాడిని పిలిపిస్తే లోపలికి తొంగి కూడా చూడలేదు. ఫ్రిజ్‌ని గోడ నుంచి జరిపి వెనక కూర్చుని, "ఆంటీ, ఇటు రండి" అన్నాడు. కంప్రెసర్ మీద చేటలాంటి ప్లాస్టిక్ ట్రే ఒకటి ఉంది. అందులో చిక్కటి గోధుమరంగు ద్రవం, పైన బూజు తెట్టు. నా రొయ్యల నీళ్ళు!

సంగతేంటంటే, మాది రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, అంటే మంచుని తనే కరిగించుకునే రకం. అలాంటివాటిలో కరిగిన మంచునీరు వెనక గోడలోని సన్నటి రంధ్రంలోంచి గొట్టం గుండా ఈ ట్రేలోకి దిగుతుంది. కంప్రెసర్ వేడికి అక్కడ ఆవిరైపోతుంది. మామూలు రోజుల్లో పోయేది ఉత్త నీరు కాబట్టి మనకి దాని ఊసే తెలియదు. కరెంటు పోయి డీప్‌లో మాంసమో చేపో కరిగితే ఆ రసం కూడా అదే దారి పడుతుంది. ఫ్రిజ్ నడిపిన ప్రతిసారీ కింద కంప్రెసర్ దాన్ని వెచ్చబెడుతుంటే కంపు రాక ఏమవుతుంది? నేనేమో లోపల గోడలు రుద్దుతూ కూర్చున్నాను.

ట్రే కొన్నింటిలో ఊడొస్తుంది, కొన్నింటిలో బిగించి ఉంటుంది. బిగించినదైతే స్పాంజితో పీల్చి, వంట సోడా కలిపిన నీళ్ళు పోసి మళ్ళీ పీల్చాలి. రంధ్రానికి సూది లేని సిరంజితో గోరువెచ్చని సోడానీళ్ళు ఎక్కించండి. కింద ట్రేలోకి తేటగా దిగేదాకా ఎక్కించాలి. ఇనపతీగ పెట్టి పొడవొద్దు, గొట్టం చిరిగితే నీరు గోడలోకి పోతుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లగాలి తిప్పే ఫ్యాను, దాని దారి వెనక పలక చాటున ఉంటాయి. అది విప్పడం మెకానిక్ పని. నేను 300 ఇచ్చి విప్పించి తుడిపించుకున్నాను. ఒంటి తలుపు ఫ్రిజ్ వాళ్ళు డీప్ కింద ఉండే చిల్లర్ ట్రేని కూడా ఊడదీసి కడగాలి, అక్కడ నెత్తురు నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. మంచుని చాకుతో పెకలించకండి. గ్యాస్ గొట్టం తెగితే అదో ఖర్చు.

తర్వాత ఆరబెట్టడం. తలుపులు బార్లా తెరిచి, ఎదురుగా ఫ్యాను పెట్టి రెండు రోజులు. పసిపిల్లలున్న ఇంట్లో అయితే తలుపు మూసుకోకుండా తాడుతో కట్టేయండి. పిల్లలు లోపలికి దూరితే ప్రమాదం. ఆరాక నలిపిన న్యూస్‌పేపర్లు అరల నిండా కుక్కి, మధ్యమధ్య గిన్నెల్లో బొగ్గులు పెట్టి తలుపు మూసి ఐదారు రోజులు ఉంచాను. బొగ్గులు ఇస్త్రీ బండి అతని దగ్గర అడిగి తెచ్చుకున్నవే, ఇంకా కాల్చనివి. కాగితాలు రెండు రోజులకోసారి మార్చాలి. బొగ్గుకి ఉన్న సన్నటి రంధ్రాలు వాసనని పట్టుకుంటాయి. కాఫీ పొడి పెట్టమని మా చెల్లెలు చెప్పింది, పెట్టాను. అదీ పనిచేస్తుంది గానీ తర్వాత వారం రోజులు పెరుగు కాఫీ వాసన వేసింది.

పోయిందో లేదో ముక్కుకి తెలియదు, ఆ కంపుకి మన ముక్కు అలవాటు పడిపోయి ఉంటుంది. ఫ్రిజ్ వేశాక ఒక గ్లాసులో కాచి చల్లార్చిన పాలు మూత లేకుండా రాత్రంతా లోపల పెట్టండి. పాలలో వెన్న ఉంది కాబట్టి చుట్టుపక్కల వాసన లాగేసుకుంటుంది. పొద్దున ఇంట్లో లేనివాళ్ళ చేత, అంటే పక్కింటావిడ చేత వాసన చూపించండి. మా పక్కింటావిడ రెండుసార్లు మొహం చిట్లించింది, మూడోసారి ఊరుకుంది.

వెనక పోర్షన్ అమ్మాయి ఫ్రిజ్ కథ వేరు. ఆ ఫ్రిజ్ వరద నీళ్ళలో తేలి, బోర్లాపడింది. ఫ్రిజ్‌లు తేలతాయని అప్పుడే చూశాను. "అక్కా, మోటారు పనిచేస్తే చాలు కదా" అంటుంది పాపం. మోటారు బాగుచేయొచ్చేమో. కానీ గోడల మధ్య ఉండే ఫోములోకి మురుగునీరు దిగితే అది ఆరదు, కడగడానికి చేయి పట్టదు. మునిగిన ఫ్రిజ్‌ని మెకానిక్ చూడకుండా ప్లగ్గు పెట్టడమే ప్రమాదం, షాకు కొడుతుంది. వదిలేయమన్నాను. బాధగానే ఒప్పుకుంది.

ఇక బట్టలు

షాపులో నీళ్ళు ఛాతీ ఎత్తున నిలిచాయి. కింది అరల్లో ఫాల్ కుట్టడానికి వచ్చిన చీరలు మునిగాయి. పై అర వాటికి నీళ్ళు తగల్లేదు. కానీ తొమ్మిది రోజులు షట్టరు మూసి ఉన్న గదిలో చెమ్మకి వాటి మీదా తెల్లటి బూజు లేచింది. తడి బట్ట మీద బూజు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. మునిగినవీ, చెమ్మ పట్టినవీ ఒకే పద్ధతిలో చేయకూడదు.

మునిగినవాటికి ముందు బురద వదలాలి. పంపు కింద మంచినీళ్ళతో రెండు మూడుసార్లు జాడించండి. బురదతో సబ్బులో నానబెడితే మరక బట్టలోకి ఎక్కుతుంది. తర్వాత నూలు బట్టలైతే, బట్ట తట్టుకునేంత వేడినీళ్ళలో సబ్బు పొడి వేసి ఉతకాలి. పిల్లల బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళకి ఈ వేడినీళ్ళు తప్పనిసరి, అది మురుగు కలిసిన నీరు. తెల్ల నూలుకి బ్లీచింగ్ సీసా మీద రాసిన కొలత ప్రకారం. రంగు బట్టలకి క్లోరిన్ బ్లీచింగ్ వద్దు. రంగులకి పనికొచ్చేదని ప్యాకెట్ మీద రాసి ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ వాడండి.

చెమ్మ పట్టినవాటిని నేరుగా నీళ్ళలో వేయకండి. ఎండలోకి, గాలివాటం చూసుకుని మీ మొహం మీదకి రాకుండా, బయటికి తీసుకెళ్ళి మెత్తటి బ్రష్‌తో పొడిబూజు దులపాలి. ఇంట్లో దులిపితే అది పక్క బట్టల మీదే వాలుతుంది. దులపకుండా ఇస్త్రీ అసలు చేయొద్దు. బూజు మరక మీద వేడి ఇస్త్రీపెట్టె పడిందంటే ఆ మరక ఖాయమైనట్టే. ఎండలో రెండు గంటలుంచి, అర బకెట్ నీళ్ళకి ఒక కప్పు వెనిగర్ వేసి గంట నానబెట్టి, జాడించి, మామూలుగా ఉతకండి. ముక్కిపోయిన వాసన అక్కడికి చాలావరకు పోతుంది. తెల్లటి నూలు మీద చుక్కలుంటే నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పడేయడం మా అమ్మ పద్ధతి, ఇప్పటికీ అదే చేస్తాను. రంగు బట్ట మీద చేస్తే నిమ్మకాయంత మేర వెలిసిపోతుంది, జాగ్రత్త.

మంగళగిరి నూలు చీరల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర పాడైనవాటిలో అవే ఎక్కువ. ఆ చీర నిలబడాలంటే గంజి పెట్టాల్సిందే. కానీ గంజి అంటే అన్నమే కదా. బూజుకి విందు. కట్టుకునే ముందు గంజి పెట్టుకోండి, దాచేటప్పుడు గంజి వదిలించి దాచండి. గంజి చీరలన్నీ మచ్చలు తేలితే, పక్కనే ఉన్న పాలియెస్టర్ చీరలు దులిపితే చాలనిపించాయి. పాలియెస్టర్ దారాన్ని బూజు తినలేదు, దాని మీద ఉన్న మురికినే తింటుంది. నూలు సంగతి అలా కాదు. బట్టనే తింటుంది. లాగి చూస్తే పర్రుమని చిరుగుతుంది.

పట్టు చీరలంటే నాకు చేతులు వణికాయి. తడిసిన పట్టుని మడతల్లో వదిలేస్తే అంచు రంగు చీరంతా పాకుతుంది. ముందు మడతలు విప్పి, విడివిడిగా చల్లటి మంచినీళ్ళలో ముంచి తీసి, పిండకుండా తెల్ల దుప్పటి మీద పరిచి చుట్టి నీళ్ళు పీల్పించి, నీడన ఆరేశాను. ఎండ వద్దు, బ్లీచింగ్ మాటే ఎత్తొద్దు. వెనిగర్ జరీ మీద పడనివ్వొద్దు. ఆరాక డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు, ఇది వరదలో తడిసిందనీ బూజు ఉందనీ దాచకుండా చెప్పండి. దాచి ఇచ్చిన చీర ఒకటి అద్దంలా మెరుస్తూ వచ్చింది, నెల తిరిగేసరికి లోపలి మడతల్లో మళ్ళీ పూత.

కొన్నింటిని కాపాడాలని చూడటం అనవసరం. మునిగిన దూది పరుపు, దిండ్లు, బ్లౌజు ప్యాడ్ల స్పాంజి, కాలరు కాన్వాసు. వీటి లోపలికి ఎండ పోదు, నీరు రాదు. ఏకించి మళ్ళీ కుట్టించుకుంటామని కొందరు అడిగారు. చెమ్మ మాత్రమే పట్టిన పరుపైతే సరే, వంట సోడా చల్లి నాలుగు గంటలుంచి దులిపి, రెండు వైపులా ఎండబెట్టండి. మురుగులో మునిగిన దూదిని మాత్రం ఏకితే ఆ ధూళి ఏకేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బీరువాలో మళ్ళీ పెట్టే ముందు బట్ట పూర్తిగా ఆరిందో లేదో చూసుకోండి. చేతికి పొడిగా తగిలినా అంచు మడతలో, ఫాల్ కుట్టిన చోట, నాడా గొట్టంలో చెమ్మ మిగులుతుంది. అక్కడ బుగ్గకి ఆనించి చూస్తే చల్లగా తెలుస్తుంది. చల్లగా ఉంటే ఇంకో పూట ఆరనివ్వండి. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి. వేపాకు వేస్తారు కదా, అది పురుగుకే, బూజుకి కాదు. పచ్చి ఆకు వేస్తే పైపెచ్చు తేమ. కలరా ఉండలు కూడా బూజుని ఆపవు. జరీకి తగలనివ్వొద్దు, చంటిపిల్లల బట్టల్లో అసలు వేయొద్దు, వాటి ఆవిరి కొందరు పిల్లల రక్తానికి హాని చేస్తుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పిల్లలకి అందకుండా దాచుకోండి, అవి నయం. వానాకాలంలో ఎండ కాసిన రోజు బీరువా తలుపులు రెండూ గంటసేపు తెరిచి ఉంచుతున్నాను.

ఖాతాదారులకి నేనే ఫోన్లు చేసి ఒక్కొక్కరినీ పిలిచాను. మొత్తం నలభై ఒక్క చీరల్లో ఏడు పోయాయి. వాటిలో ఒక నీలం మంగళగిరి చీరకి వాసన పోయింది, బూజు పోయింది, కానీ పవిట మీద నల్ల చుక్కలు పోలేదు. డబ్బులిస్తానంటే ఆవిడ వద్దంది. పవిట కత్తిరించి, మిగతాది మనవడికి బొంత కుట్టి పెట్టమంది. కుట్టే ముందు మళ్ళీ వేడినీళ్ళలో ఉతికి మూడు రోజులు ఎండేశాను. మధ్యలో పొర వేసేది దూది కాకుండా పాత నూలు చీరలే వేశాను, ఉతికితే తొందరగా ఆరతాయని.